ఐసు దిమ్మ నుంచి గాజు మంచు దాకా

విశాఖ తీరంలోని జాలరి, వాడబలిజ మత్స్యకారులు చేపను నిల్వ చేయడానికి తరతరాలుగా నమ్ముకున్నవి ఉప్పు, ఎండ. మరబోట్లు వచ్చి, 1970లలో ఫిషింగ్ హార్బర్ ఏర్పడ్డాక వేట రోజుల తరబడి సాగింది, ఐసు తప్పనిసరైంది. ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా యంత్రాలు ఉప్పునీటి తొట్టిని సున్నా కంటే బాగా దిగువకు చల్లబరుస్తాయి. అందులో దించిన డబ్బాల్లో మంచినీరు దిమ్మ కడుతుంది. దాన్ని నలగ్గొట్టి బోటు అరల్లో చేపల నడుమ పోస్తారు. కిలో ఐసు కరిగేటప్పుడు సుమారు 80 కిలోకేలరీల వేడిని లాక్కుంటుంది. దీంతో కుళ్లు నెమ్మదిస్తుంది గానీ ఆగదు.

విదేశాలకు పంపే రొయ్యకు ఇది చాలదు. 1980లలో విశాఖ కేంద్రంగా తిరిగిన పెద్ద ట్రాలర్లు బెంగాల్ దాకా వెళ్లి, పట్టిన రొయ్యను సముద్రంలోనే గడ్డకట్టించేవి. ఒడ్డున శుద్ధి కర్మాగారాలు ప్లేట్ ఫ్రీజర్లు పెట్టుకున్నాయి. 1920లలో అమెరికాలో క్లారెన్స్ బర్డ్స్‌ఐ రూపొందించిన పద్ధతి ఇది: అతిచల్లని లోహపు పలకల మధ్య సరుకును నొక్కి ఉంచుతారు. పలకలు మైనస్ 40 డిగ్రీల దాకా చల్లబడతాయి.

ఇక్కడ చలి ఎంతన్నది కాక, ఎంత త్వరగా దిగిందన్నదే ముఖ్యం. కండలోని నీటిలో అధికభాగం మైనస్ 1, మైనస్ 5 డిగ్రీల మధ్య గడ్డకడుతుంది. ఆ దశ నెమ్మదిగా గడిస్తే పెద్ద స్ఫటికాలు పెరిగి కణాలను చీలుస్తాయి. కరిగించినప్పుడు రసం కారిపోతుంది. త్వరగా గడిస్తే స్ఫటికాలు సన్నగా ఉంటాయి.

రొయ్యకు అది చాలు గానీ, తడి జీవ నమూనాలను చూసే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు సన్నని స్ఫటికం కూడా అడ్డే. అది ఎలక్ట్రాన్లను చెదరగొట్టి బొమ్మను పాడుచేస్తుంది. పైగా లోపలి శూన్యంలో తడి నమూనా ఎండిపోతుంది. 1981లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో జాక్ డ్యుబోషే, అలస్డేర్ మెక్‌డోవల్ నీటిని స్ఫటికాలకు వ్యవధి లేనంత వేగంగా చల్లబరచి గాజులా బిగించారు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో నేరుగా ముంచితే, అది మరిగి నమూనా చుట్టూ వాయుపొర కడుతుంది, చలి ఆలస్యంగా దిగుతుంది. అందుకే నైట్రోజన్‌తో చల్లబరచిన ద్రవ ఈథేన్‌లో ముంచుతారు. ఇలా గడ్డకట్టించిన నమూనాలను చూసే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీని అభివృద్ధి చేసినందుకు డ్యుబోషే, జోకిమ్ ఫ్రాంక్, రిచర్డ్ హెండర్సన్‌లతో కలిసి 2017 రసాయన నోబెల్ పొందారు.

తరువాతి నిల్వ కూడా అంతే ముఖ్యం. గాజు మంచు సుమారు మైనస్ 135 డిగ్రీలు దాటి వేడెక్కితే స్ఫటికాలు కడుతుంది. ఎగుమతి రొయ్యను మైనస్ 18 లేదా అంతకంటే దిగువన ఉంచాలి; ఉష్ణోగ్రత హెచ్చుతగ్గులైతే సన్న స్ఫటికాలు కలిసి పెద్దవవుతాయి.