జోడ్‌భావి పేట్‌లో సకినాలు: పండుగ పిండివంట దేనికి సాక్ష్యం?

షోలాపూర్ నగరానికి తూర్పున, మరాఠీవాళ్లు ‘పూర్వ్ భాగ్’ అని పిలిచే వాడల్లో పద్మశాలీల ఇళ్లు ఎక్కువ. జోడ్‌భావి పేట్, దాజీ పేట్, కన్నా చౌక్ ఆ వరసలోవే. అక్కడి తెలుగు ఇళ్లలో సంక్రాంతికి సకినాలు చుడతారు, దీపావళికి చక్లీ, శంకర్‌పాళీ, చివడా చేస్తారు. దీన్ని చూసినవాళ్లు చాలామంది ఒకే మాటతో ముగిస్తారు: తాతముత్తాతలు తెలంగాణ నుంచి మూట కట్టుకొచ్చిన రుచిని వీళ్లు చెక్కుచెదరకుండా కాపాడుకున్నారని. వినడానికి ఇంపైన మాటే. కానీ దాని వెనక ఎంత ఆధారం ఉందో విడిగా చూడాలి.

వలస సంగతి గట్టిగా తెలిసినదే. 1860 నాటికి షోలాపూర్‌కు రైలు వచ్చింది. 1870లలో మొరార్జీ గోకుల్‌దాస్ పెట్టిన షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లును జనం తర్వాత ‘జూనీ మిల్’ అన్నారు. 1876–78 కరవు దక్కన్‌ను కుదిపేసింది. ఆ కాలంలోనూ, ఆ తర్వాత దశాబ్దాల్లోనూ నిజాం ఏలుబడిలోని తెలంగాణ జిల్లాల నుంచి చేనేతవాళ్లు విడతలు విడతలుగా ఇక్కడికి చేరారు. ఈ ‘విడతలు విడతలుగా’ అన్న మాట ముందు ముందు మనకు చాలా అవసరం.

వీళ్ల గురించి రాతలకు కొదవ లేదు. 1884లో అచ్చయిన బొంబాయి ప్రెసిడెన్సీ గెజెటియర్ షోలాపూర్ సంపుటం కులానికి కొంత చొప్పున తిండి, కట్టు, ఆచారం రాసుకుపోయింది. గోఖలే ఇన్‌స్టిట్యూట్ తరఫున ఆర్.జి. కాకడే చేసిన షోలాపూర్ నేత కులాల సర్వే 1947లో వచ్చింది. డి.ఆర్. గాడ్గిల్ నగర అధ్యయనం 1965లో, పశ్చిమ భారత నేతగాళ్ల మీద డగ్లస్ హేన్స్ పుస్తకం 2012లో వెలువడ్డాయి. వీటి చూపు ప్రధానంగా మగ్గం మీద, నూలు మీద, కూలి మీద, పెట్టుబడి మీద ఉంది. పండుగ పూట పొయ్యి దగ్గర ఏం జరిగిందో తెలియాలంటే వంటకాన్నే సాక్షిగా నిలబెట్టాలి. అయితే ప్రతి వంటకమూ పనికొచ్చే సాక్షి కాదు.

బక్షాలను తీసుకుందాం. తెలంగాణలో ఉగాదికి బక్షాలు, మహారాష్ట్రలో హోళీకి పురణ్ పోళీ. రెండిట్లోనూ శనగపప్పు, బెల్లం పూర్ణమే. గరిజెలూ కరంజీలూ అంతే దగ్గర. జొన్నరొట్టె సరేసరి, అటూ ఇటూ రోజూ తినేదే. షోలాపూర్ తెలుగు ఇంట్లో బక్షాలు కనిపిస్తే అది కరీంనగర్ జ్ఞాపకమా, పక్కింటి మరాఠీ వదినమ్మ నేర్పిందా అని తేల్చలేం. కళ్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడి ‘మానసోల్లాసం’లో, అంటే 12వ శతాబ్దంలోనే, అన్నభోగం పేరుతో వంటల భాగం ఉంది. ఆ కళ్యాణి నేటి బసవకళ్యాణ్, షోలాపూర్‌కు దూరమేమీ కాదు. భాషల వారీ రాష్ట్రాల సరిహద్దులు 1956లో, 1960లో గీశారు. దక్కన్ వంటిళ్ల ఇచ్చిపుచ్చుకోవడాలు అంతకు చాలా ముందటివి. అందుకే ఉమ్మడి వంటకాలను సాక్ష్యం నుంచి తప్పించడమే న్యాయం.

పేరు కాక చేసే తీరు చూస్తే కొంత తేడా తెలుస్తుంది. అరిసెలకు తడి బియ్యప్పిండిని బెల్లం పాకంలో పోసి కలుపుతారు, కాలాక నూనె కారేలా ఒత్తుతారు. మరాఠీ అనారసేకు పాకం పట్టరు. బియ్యం రోజుల తరబడి నానబెట్టి, ఆ పిండిలో బెల్లం కలిపి ముద్దగా నిలవ ఉంచి, ఒక వైపు గసగసాలు అద్ది సన్నసెగ మీద వేయిస్తారు. రెండూ బియ్యం, బెల్లమే. చేతి పనిలో మాత్రం దారులు వేరు.

సకినాలు అన్నిటికంటే గట్టి సాక్షి అని నా అభిప్రాయం. కోస్తాలో సంక్రాంతి అంటే అరిసెలు, జంతికలు. సకినం తెలంగాణ సొత్తు. కొత్త బియ్యం నానబెట్టి, నీళ్లు వడిచాక తడి పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు వేసి మెత్తగా కలుపుతారు. ఉతికిన నూలు బట్ట పరిచి, పిండిని వేళ్ల మధ్య సన్నగా మెలితిప్పుతూ ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు పోస్తారు. బట్ట తడి పీల్చుకుని చుట్లు కాస్త బిగిశాక నూనెలో వేస్తారు. చక్లీ అలా కాదు. బియ్యం, పప్పులు వేయించి విసిరిన భాజణీ పిండిని గొట్టంలో పెట్టి నొక్కుతారు. గొట్టం ఎవరి చేతిలో ఉన్నా చక్లీ ఇంచుమించు ఒకేలా పడుతుంది. సకినం మెలిక అలా రాదు. మొదటి చుట్టు తెగుతుంది, రెండోది లావవుతుంది. పక్కన కూర్చున్న పెద్దామె వేళ్లను చూసి నేర్చుకోవాలి. కాబట్టి ఒక వాడలో ఇవాళ సకినాలు చుడుతున్నారంటే, అది తెలిసిన ఆడవాళ్లు పక్కపక్కన కూర్చునే వరస అక్కడ నడుస్తోందని చెప్పవచ్చు.

అయితే ఆ వరస 1870ల నుంచి తెగకుండా వచ్చిందా? ఇక్కడే తొందరపడకూడదు. షోలాపూర్ వానలు తక్కువ పడే రబీ జొన్నల నేల. ఈ జిల్లాలోనే పండే మంగళవేఢా జొన్నకు 2016లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తెలంగాణలో సకినం కొత్త వడ్ల వంట. ఖరీఫ్ పంట ఇల్లు చేరిన వేళ పుట్టిన వంట. షోలాపూర్‌లో ఆ బియ్యం అంగట్లో కొనాలి. చుట్టూ ఉన్న పంట దాన్ని గుర్తు చేయదు, మనుషులే గుర్తు చేయాలి. ఆ మనుషులు ఎవరంటే, నా లెక్కలో ముందు వరసలో ఉన్నది కోడళ్లు. షోలాపూర్‌కు సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ వైపులతో పెళ్లి సంబంధాలు ఆగలేదు. తెలంగాణలో ఆడపిల్ల సారెలో సకినాలు పెట్టడం రివాజు. వలస విడతలు విడతలుగా జరిగినట్టే వంట కూడా పెళ్లి తర్వాత పెళ్లిగా మళ్లీ మళ్లీ వచ్చి ఉండాలి. ‘కాపాడుకున్నారు’ అనడం కంటే ‘మళ్లీ మళ్లీ తెచ్చుకున్నారు’ అనడానికే ఆధారం ఎక్కువ మొగ్గుతోంది. దీనివల్ల ఆ వంట విలువ రవ్వంత కూడా తగ్గదు, దాన్ని తెచ్చినవాళ్లకు పేరు దక్కుతుంది.

మరి దీపావళి? తెలంగాణ పల్లెల్లో పిండివంటల పెద్ద పండుగ సంక్రాంతి. మహారాష్ట్రలో ‘ఫరాళ్’ పేరుతో డబ్బాలు నిండేది దీపావళికి. మిల్లులూ మరమగ్గాలూ ఉన్న ఊళ్లో బోనస్ చేతికొచ్చేది దీపావళికే. 1965 బోనస్ చట్టం దానికి చట్టబద్ధత ఇచ్చింది, ఆనవాయితీ మాత్రం పాతది. నూనె, చక్కెర, శనగపిండి ఒకేసారి కొనగలిగే డబ్బు ఇంట్లో ఉన్నప్పుడే ఫరాళ్ సాధ్యం. తెలుగు ఇళ్లు చక్లీ చెయ్యడాన్ని మరాఠీ ప్రభావం అని మాత్రమే అంటే కథ సగమే. పంచాంగం కంటే కూలి ఇచ్చే రోజు కొన్నిసార్లు వంటింటిని గట్టిగా నడిపిస్తుంది.

బతుకమ్మ రోజులు ఇంకా ఆసక్తికరం. ఆ తొమ్మిది రోజుల పేర్లలోనే వంటల పట్టిక దాగి ఉంది. అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల, వేపకాయల, వెన్నముద్దల బతుకమ్మ. చివర సద్దుల నాడు పెరుగన్నం, పులిహోర, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వుల సద్దులు. పేరు బతికితే నైవేద్యం బతుకుతుంది. ఇంచుమించు అవే రోజుల్లో మహారాష్ట్రలో నవరాత్రి ఉపవాసాలు: సాబుదానా, వరి అన్నం. ఈ ‘వరి’ మన వరి కాదు, ఊద జాతి చిరుధాన్యం. తుళ్జాపూర్ భవాని షోలాపూర్‌కు 45 కిలోమీటర్లు; కోజాగిరి పున్నమికి జనం నడిచి వెళ్తారు. ఒక పండుగ వండి పంచమంటుంది, మరొకటి మానుకొమ్మంటుంది. రెండింటి నడుమ కాపురం ఉన్న స్త్రీ ఏ పూట ఏది ఎంచుకుంటుందన్నది చరిత్రకారుడు అడగదగ్గ ప్రశ్న.

ఈ మొత్తంలో నన్ను ఎక్కువగా పట్టి ఉంచేది సమయం. పూర్వ్ భాగ్ ఆడవాళ్లు తరతరాలుగా బీడీలు చుట్టినవాళ్లు. కూలి వెయ్యి బీడీల లెక్కన. సకినాలకు ఇచ్చిన పూట బీడీలకు ఉండదు; పండుగ పిండివంట ధరలో పోయిన కూలి కూడా ఉంది. ఒక్కరు చేస్తే రోజంతా పట్టే పనిని నలుగురు కలిసి ఇవాళ ఒకరింట, రేపు ఒకరింట చేసుకోవడం వెనక ఆప్యాయత ఉంది, లెక్క కూడా ఉంది. కడక్ భాక్రీ, పల్లీల చట్నీ చేసి అమ్మే పొదుపు సంఘాలు షోలాపూర్‌లో పెరిగాక, అదే చేతిపని సరుకుగానూ మారింది. ఇంట్లో చుట్టే సకినం తగ్గితే దాన్ని సంప్రదాయ నష్టంగా రాసే ముందు, ఆ పూట ఎవరికి మిగిలిందో చూడాలి.

ఇప్పుడు ఇంకో మార్పు జరుగుతోంది. నర్సయ్య ఆడం నాయకత్వంలో బీడీ కార్మికులు పోరాడి సాధించుకున్న ఇళ్ల వరసలో, 30,000 ఇళ్ల రాయ్‌నగర్ పథకంలో మొదటి 15,000 ఇళ్లను 2024 జనవరి 19న ప్రధాని లబ్ధిదారులకు అంకితం చేశారు. సొంత ఇల్లు రావడం ఎంత పెద్ద మేలో ఆ వాడల ఇరుకు చూసినవాళ్లకు తెలుసు. వాడ మారితే పక్కన కూర్చునే వరస కూడా మారుతుంది. సకినాలు పొయ్యడానికి బట్ట పరిచే చోటు కావాలి, మెలిక తెలిసిన చేతులు నడక దూరంలో ఉండాలి. రానున్న సంక్రాంతులకు కొత్త ఇళ్లలోనూ, జోడ్‌భావి పేట్ పాత ఇళ్లలోనూ ఒకే ప్రశ్నలు అడిగి రాసిపెట్టాలి: ఎవరు చుట్టారు, ఎవరి దగ్గర నేర్చారు, ఆమె పుట్టిల్లు ఏ ఊరు, బియ్యం ఎక్కడ కొన్నారు, ఆ రోజు ఎన్ని బీడీల కూలి వదులుకున్నారు.