బరంపురం దారిలో గుర్తుల ప్రయాణం

మద్రాసు నుంచి కలకత్తాకు పోయే పాత బాట ఇచ్ఛాపురం దాటి బరంపురం, ఛత్రపురం, గంజాం, రంభ మీదుగా చిల్కా ఒడ్డు పట్టేది. ఆ బాటలో బండివాడికి మైలురాయే దిక్కు. ఎద్దుల నడకకు అది సరిపోయింది.

మోటారు వచ్చాక సరిపోలేదు. 1909లో పారిస్‌లో సమావేశమైన దేశాలు మిట్ట, మలుపు, కూడలి, రైలు గేటు అనే నాలుగు ప్రమాదాలకు ఉమ్మడి గుర్తులు ఒప్పుకున్నాయి. మనకు 1914లో మోటారు వాహనాల చట్టం, 1934లో రహదారి ఇంజనీర్ల సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వచ్చాయి. 1936 ఏప్రిల్ 1న బరంపురంతో సహా గంజాం జిల్లాలో చాలా భాగం మద్రాసు రాజధానిని వీడి కొత్త ఒరిస్సాలో చేరింది. కచేరీల భాష క్రమంగా ఒడియా అయింది. బజారులో తెలుగు మాత్రం నిలిచింది.

1939 మోటారు వాహనాల చట్టం దేశమంతటికీ ఒకే గుర్తుల పట్టిక ఇచ్చింది. 1956 కొలతల చట్టం తర్వాత మైళ్లు కిలోమీటర్లయ్యాయి. 1977లో రోడ్స్ కాంగ్రెస్ గుర్తుల నియమావళి వెలువరించింది. 1968 నాటి వియన్నా ఒప్పందంలో 1980లో మన దేశం చేరింది. ఎర్ర అంచు వలయం ఆజ్ఞకు, త్రిభుజం హెచ్చరికకు, నీలి పలక సమాచారానికి స్థిరపడ్డాయి. 2010లో ఈ దారినే పోయే 5వ నంబరు జాతీయ రహదారి 16 అయింది. గోపాలపురం వైపు నుంచి కొండలకెక్కే 217వ నంబరు 59 అయింది. 2012లోనూ 2022లోనూ నియమావళి మళ్లీ సవరణకు వచ్చింది.

ఈ వందేళ్లలో గుర్తులు ఎక్కువగా ప్రభుత్వ ఆదేశాలుగా పైనుంచి దిగాయి. బ్రిటన్‌లో మాత్రం జీబ్రా చారలను 1949లో వెయ్యి చోట్ల వేసి, జనం ఎలా దాటుతున్నారో చూసి, 1951లో చట్టంలోకి తెచ్చారు. ముందు పరీక్ష, తర్వాత శాసనం: అనుసరించదగిన పద్ధతి ఇది.

బరంపురం అలాంటి పరీక్షకు తగిన ఊరు. వైద్య కళాశాల ఆసుపత్రికి కంధమాల్, గజపతి కొండల నుంచి రోగులొస్తారు. ఠాకురాణీ అమ్మవారి యాత్రకు జనం పోటెత్తుతారు. ఇక్కడ అక్షరం రాని అవ్వకు, ఒడియా చదవలేని తెలుగు ఆటోవాలాకు, కొండ పల్లె నుంచి కొత్తగా దిగిన కూలీకి అర్థమైన గుర్తు ఎక్కడైనా అర్థమవుతుంది. పాత బస్టాండు, గిరి మార్కెట్ దగ్గర కొత్త బోర్డులు కొన్ని నెలలు నిలిపి, ఆ దారిన నడిచేవారిని అడిగి, ప్రమాదాల లెక్క ముందూ వెనకా పోల్చి, అప్పుడు ఖాయం చేయాలి. ఊరి పేర్లు ఒడియాతో పాటు తెలుగులోనూ రాయాలి. నగరపాలక సంస్థ, పోలీసు శాఖ కలిసి ఈ పని మొదలుపెట్టాలని బరంపురం పౌరులందరూ అడగాలి.