వేసవిలో కొల్లేరు పక్షులు

ఆంధ్రప్రదేశ్‌లోని కొల్లేరు సరస్సులో మార్చి మొదలు జూన్ వరకు నీరు తగ్గిపోయే కాలంలో పక్షులు కొద్దిచోట్ల గుమిగూడి కనిపించటం, అందుకు గల కారణాలు, వాటి వలన తెలిసే విషయాల గురించి ఈ వ్యాసం వివరిస్తుంది. ఎండాకాలంలో పక్షులు ఎక్కువగా కనిపించినంత మాత్రాన వాటి సంఖ్య పెరిగినట్లు కాదు. నీరున్న చోట్లు తగ్గిపోవటమే చాలాసార్లు దానికి కారణం.

సరస్సు - నీటి రాకపోకలు

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న పల్లంలో కొల్లేరు ఏర్పడింది. ఇది మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు, డెల్టా మురుగు కాలువలు దీనిలో కలుస్తాయి. తమ్మిలేరు ఏలూరు పట్టణం మీదుగా వచ్చి సరస్సును చేరుతుంది. ఏలూరును ఆనుకొని ఉన్న వట్లూరు, పెదపాడు ప్రాంతాల నుండి నేల దక్షిణంగా కొల్లేరు వైపు వాలి ఉంటుంది. సరస్సు నీరు ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతంలో కలుస్తుంది.

ఏరులన్నీ వర్షాధారమైనవి. నైరుతి రుతుపవనాల కాలంలో నిండిన సరస్సు శీతకాలం తరువాత క్రమంగా తగ్గుతుంది. ఫాల్గుణ మాసంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర జరిగే నాటికి అంచులలోని నేల బయటపడుతూ ఉంటుంది. వేసవిలో మరమ్మతుల కోసం డెల్టా కాలువలను కట్టివేసినప్పుడు మురుగు కాలువల ద్వారా వచ్చే నీరు కూడా తగ్గిపోతుంది. పై నుండి నీరు రాని ఈ రోజులలో సముద్రపు పోటు వలన ఉప్పునీరు ఉప్పుటేరు గుండా ఎగువకు ఎక్కివస్తుంది. కనుక వర్షాభావ సంవత్సరాలలో నీరు తగ్గటంతో పాటు ఉన్న నీటిలో ఉప్పదనం పెరగటం మరొక సమస్య.

నీరు తగ్గేకొద్దీ పక్షుల మార్పు

మధ్య ఆసియా, సైబీరియా ప్రాంతాల నుండి అక్టోబరు, నవంబరు నెలలలో వచ్చే సూదితోక బాతులు మొదలైన వలస పక్షులు చాలావరకు మార్చి నాటికి తిరిగి వెళ్ళిపోతాయి. వేసవిలో కనిపించేవి ప్రధానంగా స్థానిక పక్షులు. ఎండుతున్న సరస్సును ఇవి ఒక్కొక్కటి ఒక్కొక్క విధంగా వాడుకుంటాయి.

* ఎర్రకాళ్ళ కొంగ: ముక్కును కొద్దిగా తెరచి నీటిలో ఉంచి, చేప తగలగానే మూస్తుంది. చూపు కన్న స్పర్శ మీద ఆధారపడే ఈ వేటకు తక్కువ లోతులో చేపలు కిక్కిరిసి ఉండటం అనుకూలం.
* నత్తగుల్ల కొంగ: దీని ప్రధాన ఆహారం నత్తలు. ఆరుతున్న బురదలో అవి సులువుగా దొరుకుతాయి.
* గూడబాతు: ఈదుతూ ముక్కు కింది సంచితో చేపలను పట్టే పెద్ద పక్షి. దీనికి తేలి ఈదగలిగినంత నీరు ఉండాలి. అందువలన మడుగులు చిన్నవయ్యేకొద్దీ ఇది లోతైన చెరువులకు తరలిపోతుంది.
* నీలి బొల్లికోడి: కిక్కిస గడ్డి, తుంగ పొదలను ఆశ్రయించి బతుకుతుంది. పొదల చుట్టూ నీరు ఆరిపోతే కుక్కలు, నక్కలు లోపలికి రాగలుగుతాయి.

కొర్రమీను, మార్పు, ఇంగిలాయి వంటి చేపలు గాలిని కూడా పీల్చుకోగలవు గనుక కొద్దిపాటి బురదనీటిలోనూ కొంతకాలం బతుకుతాయి. మిగిలిన చేపలు ప్రాణవాయువు చాలక నీటి పైకి వస్తాయి. కొంగలు, నీటికాకులు, తెల్లకంకణాలు ఒకే మడుగు చుట్టూ చేరేది అప్పుడే. ఈ విందు కొద్దిరోజులదే. మడుగు పూర్తిగా ఎండితే పక్షులు మరొక చోటికి పోవలసినదే.

ఆటపాక

కైకలూరు సమీపంలోని ఆటపాక గూడబాతులకు ప్రసిద్ధి చెందినది. ఇక్కడ గట్లతో నీటిని నిలిపిన చెరువులో చెట్ల మీద, అటవీ శాఖ ఏర్పాటు చేసిన ఇనుప మంచెల మీద ఇవి గూళ్ళు కడతాయి. గుడ్లు పొదగటానికి సుమారు ఒక నెల, పిల్లలు ఎగరటానికి మరి మూడు నాలుగు నెలలు పడుతుంది. అందుచేత నవంబరు, డిసెంబరులలో గుడ్లు పెట్టిన జంటలకు మార్చి, ఏప్రిల్ నెలల దాకా దగ్గరలో చేపలు, గూళ్ళ కింద నీరు ఉండాలి. ఆ నీరే గూళ్ళకు కందకం వంటి రక్షణ.

గూడబాతులు ఈ ప్రాంతానికి కొత్తవి కావు. పక్షి శాస్త్రజ్ఞుడు, మలయాళ రచయిత కె.కె.నీలకంఠన్ (ఇందుచూడన్) పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలోని గూడబాతుల స్థావరాన్ని పరిశీలించి, 1949లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వివరించాడు. ఆ స్థావరం తరువాతి దశాబ్దాలలో అంతరించింది.

చేపల చెరువుల ప్రభావం

కొల్లేరును 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 5వ కాంటూరు వరకు సుమారు 308 చదరపు కిలోమీటర్లు దీని పరిధి. 2002లో దీనికి రామ్‌సర్ చిత్తడి నేలగా అంతర్జాతీయ గుర్తింపు లభించింది. 2006లో "ఆపరేషన్ కొల్లేరు" పేరుతో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను తెగగొట్టారు. తరువాతి కాలంలో అనేకచోట్ల మళ్ళీ చెరువులు వెలిశాయి.

గట్ల వలన సరస్సు సహజంగా నిండటం, ఆరటం దెబ్బతింటుంది. వేసవిలో నీరు చెరువులలోనే మిగులుతుంది. చేపలు పట్టటానికి చెరువును తోడినప్పుడు పక్షులు వందలుగా వాలుతాయి. రైతుకు అది నష్టం కనుక వలలు కట్టటం, టపాకాయలు కాల్చటం వంటివి చేస్తారు. అయితే అభయారణ్య నిబంధనల వలన జీవనాధారం కోల్పోయామనేది లంక గ్రామాల మత్స్యకారుల, రైతుల ఆవేదన. ఈ రెండింటి నడుమ నీటి పంపకమే కొల్లేరు వివాదంలోని అసలు చిక్కు.

ఆఫ్రికాతో పోలిక

ఎండాకాలంలో జంతువులు నీటి వద్దకు చేరటం ఆఫ్రికాలో పర్యాటకానికి ఆధారమైనది. నమీబియాలోని ఎటోషా జాతీయ వనంలో ఒకౌకుయెజో విడిది పక్కనున్న నీటిగుంట వద్ద రాత్రివేళ దీపాల వెలుగులో ఏనుగులను, ఖడ్గమృగాలను చూడవచ్చు. జింబాబ్వేలోని హ్వాంగే వనంలో బోర్ల నీటితోనే గుంటలను నింపుతారు. అయితే 2019 కరువులో జింబాబ్వేలో 200కు పైగా ఏనుగులు మరణించాయి. నీటిగుంట వద్ద మందలు బాగా కనిపించే రోజులే వాటికి గడ్డురోజులు కూడా. ఆటపాక చెరువుకు, హ్వాంగే గుంటలకు ఈ విషయంలో పోలిక ఉన్నది. రెండు చోట్లా నీటిని నిలిపే బాధ్యత మనుషులదే.

లెక్కింపు - పరిశీలన

ఆసియా నీటిపక్షుల గణన 1987 నుండి ఏటా జనవరిలో జరుగుతున్నది. అది వలస పక్షులు ఉండే కాలం. దాని అంకెలను వేసవిలో ఒక్క మడుగు వద్ద కనిపించిన గుంపుతో పోల్చరాదు. వేసవి పరిశీలనలో పక్షుల సంఖ్యతో పాటు తేదీ, నీటి లోతు, చుట్టుపక్కల ఇంకా ఎన్ని చోట్ల నీరున్నదనే వివరాలు రాసుకోవాలి. ఒకే చోట వేయి కొంగలు కనిపించి, చుట్టూ పది మడుగులు ఎండి ఉంటే, అది సరస్సు సమృద్ధికి గుర్తు కాదు. పిల్లలు ఎగిరేదాకా గూళ్ళ కింద నీరు నిలిచిందా లేదా అన్నదే కొల్లేటి స్థితికి మరింత నమ్మదగిన కొలమానం.