ముంగిటి కొలువు

వరినాట్లు ముమ్మరముగా సాగు దినములలో గోదావరి కాలువల క్రింద గాని కృష్ణా డెల్టాలో గాని పొలముల వెంట నడచిన పూర్వుల కందరికిని, గట్టుమీది తుమ్మకొమ్మకు పాతచీరతో కట్టిన ఉయ్యాల చిరపరిచితమైన దృశ్యము. అందులో నిద్రించు బిడ్డ యొక్క తల్లి మోకాటిలోతు బురదలో వంగి నారు నాటుచుండగా, ఉయ్యాల త్రాడు చేతబట్టుకొని కూర్చున్న ఏడెనిమిదేండ్ల అక్క, తాను బడికి పోవలసిన ప్రాయమున దాది పని చేయుచుండెడిది. ఊరిలోనన్ననో, వార్ధక్యము చేత పొలము పోలేని నాయనమ్మ యొకతె, తన మనుమలతోపాటు ఇరుగుపొరుగుల పిల్లలను కూడ అరుగుమీద చేరదీసి, ఆకలిగొన్నవానికి గంజియన్నమును, ఏడ్చువానికి కథను పెట్టి ప్రొద్దుగుంకువరకు కాపాడెడిది. ఈ పనికి కూలి లేదు. కరణముగారి లెక్కలలో చోటు లేదు. పని యని దానిని పేర్కొన్నవారును లేరు. పంట ఇంటికి వచ్చుటకు నాగలి యెంత కారణమో ఆ అరుగును అంతే కారణమని గుర్తించుటకు మన సంఘమునకు పట్టిన కాలము మిక్కిలి దీర్ఘమైనది. ఆ గుర్తింపు నేటికిని సంపూర్ణము కాలేదనియే నా దృఢమైన నమ్మకము.

చట్టము మొట్టమొదట దృష్టి సారించినది పొలముమీద కాదు, కర్మాగారము మీద. 1948 నాటి కర్మాగారముల చట్టము, ఏబదిమందికి మించి స్త్రీలు పనిచేయు ప్రతి కర్మాగారమునందును, ఆరేండ్లలోపు బిడ్డలకై గాలియు వెలుతురును గల గది నొకదానిని, శిశుపోషణలో శిక్షణ పొందిన స్త్రీ యొక్క ఆధీనమున ఏర్పరుపవలెనని శాసించెను. 1976 నాటి సవరణ ఆ సంఖ్యను ముప్పదికి తగ్గించెను. తేయాకు, కాఫీ తోటలలోని కూలితల్లులకై 1951లోను, బీడీలు, చుట్టలు చేయువారికై 1966లోను ఇట్టి నిబంధనలే వెలసెను. కాగితముమీద ఇవి ఉదారములు. కాని నిజామాబాదు, కరీంనగరు జిల్లాలలో బీడీలు చుట్టు స్త్రీలలో అత్యధికసంఖ్యాకులు తునికాకును, తంబాకును ఇంటికి తెచ్చుకొని, చాటను ఒడిలో నుంచుకొని, తమ గడపలోనే పనిచేయువారగుటచేత, ఆ ఇల్లు చట్టము దృష్టిలో కర్మాగారము కాలేదు. అందుచేత ఆ తల్లుల బిడ్డలు తంబాకు ధూళి నడుమనే ప్రాకి, నడక నేర్చి, కత్తెర పట్టుటకు చేతులు చాలిన వెంటనే ఆకు కత్తిరింపనారంభించిరి. కర్మాగారపు గోడలలోపలి తల్లికి వర్తించిన ధర్మము గోడ వెలుపలి తల్లికి వర్తింపకపోవుట ఈ చరిత్రలో పలుమారులు కనబడును.

శిశువిద్య విషయమున మన దేశమున కలిగిన మేల్కొలుపు వేరొక త్రోవన వచ్చెను. గుజరాతునందలి భావనగరమున గిజుభాయి బధేకా 1920లో బాలమందిరమును స్థాపించి, బెత్తము లేని బడి సాధ్యమని ప్రత్యక్షముగా చూపెను. 1939లో దివ్యజ్ఞానసమాజమువారి ఆహ్వానముపై మద్రాసునందలి అడయారునకు విచ్చేసిన ఇటలీదేశపు శిశువిద్యావేత్త మరియా మాంటిసోరి, యుద్ధము సంభవించుటచే స్వదేశమునకు మరలలేక, 1946 వరకు ఈ దేశముననే నిలిచి, వేయిమందికి పైగా ఉపాధ్యాయులను తీర్చిదిద్దెను. ఆమె పద్ధతి మహత్తరమైనదే యైనను, దానికి కావలసిన ఉపకరణములు ఖరీదైనవి. కావున పట్టణములందలి కలవారి బిడ్డలకే అది చిరకాలము ఉపకరించెను.

ఆ కొరతను గ్రహించి సరిదిద్దిన మహనీయురాలు తారాబాయి మోడక్. గిజుభాయికి సహచరిగా పనిచేసిన ఆమె 1945లో బొంబాయికి ఉత్తరమున సముద్రతీరమందలి బోర్డీ గ్రామమునకు చేరి, పల్లెబిడ్డలకై శిశువిద్యాకేంద్రమును తెరచినది. ఆమెకు కుడిభుజమై నిలిచినది అనుతాయి వాఘ్. బడి తెరచినంతమాత్రమున పేదపిల్లలు వచ్చుట లేదని వారు త్వరలోనే కనుగొనిరి. ఏల రారని విచారింపగా, పెద్దపిల్ల చంటిపిల్లను ఎత్తుకొని యుండవలెను, కొంచెము ఎదిగినవాడు పశువులవెంట పోవలెను, బడికి రాగలవారెవరు? ఇతరులైనచో తలిదండ్రుల అజ్ఞానమును నిందించి ఊరకుందురు. తారాబాయి అట్లు చేయలేదు. పిల్లలు బడికి రాలేనిచో బడియే వారి ముంగిటికి పోవలెనని నిశ్చయించి, వాడలోని వాకిటనే పాఠము ప్రారంభించినది. చింతగింజలు, గవ్వలు, ఆకులు, బంకమన్ను ఆమెకు ఉపకరణములయ్యెను. పిమ్మట 1957లో కోస్బాడు కొండపైకి మకాము మార్చి, వార్లీ గిరిజనుల నడుమ చంటిపిల్లలకు శిశుశాలను, వారికి పైవారికి బాలవాడిని, ఇంకను పెద్దవారికి ప్రాథమికపాఠశాలను ఒకే ఆవరణమున నెలకొల్పినది. చెల్లెలు శిశుశాలలో నుండగా అక్క పక్కగదిలో అక్షరములు దిద్దుకొనవచ్చును. ఉయ్యాల త్రాడు పట్టిన ఆ పిల్ల చేతికి పలక నిచ్చు ఉపాయము ఇంతకన్న సులభమైనది వేరొకటి లేదు; అది తోచుటకు మాత్రము తారాబాయి వంటి హృదయము కావలసివచ్చెను.

ఇక మన తెలుగువారు ఈ చరిత్రకు సమర్పించిన కానుకను గూర్చి కొంత విస్తరించి చెప్పవలెను. రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన దుర్గాబాయి, బాల్యముననే కాకినాడలో బాలికలకు హిందీ పాఠశాల నడపి, ఉప్పు సత్యాగ్రహమున కారాగారవాసము చేసి, విడుదలయైన పిమ్మట ఆగిపోయిన తన చదువును స్వయంకృషితో కొనసాగించి, కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను మొదలుకొని మద్రాసు న్యాయశాస్త్రపట్టము వరకు సాధించిన ధీర. మద్రాసున ఇరుగుపొరుగు బాలికలతో ‘లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్’ అను పేర ఆమె ఆరంభించిన చిన్నసంఘమే 1937లో ఆంధ్రమహిళాసభ యయ్యెను. వైధవ్యము చేతనో, భర్త విడనాడుట చేతనో, బాల్యవివాహము చేతనో చదువు తప్పిన తెలుగు యువతులను చేర్చుకొని, తాను వ్రాసిన కాశీ మెట్రిక్యులేషను పరీక్షకే వారిని సిద్ధపరచుట ఆ సభ తొలినాటి ప్రధాన కార్యము. తన జీవితమున ఎదురైన ఇక్కట్టును తనవంటి వందలమంది ఇక్కట్టుగా గుర్తించి, తాను దాటిన వంతెనను వారికై నిలిపియుంచుట ఆమె స్వభావము.

1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడగా దానికి ప్రథమాధ్యక్షురాలై, మరుసటి యేడు ఆమె గ్రామసంక్షేమ పథకములను ప్రవేశపెట్టినది. కొన్ని గ్రామముల కొక పథకము. ఆ గ్రామముల నడుమ కొన్ని కేంద్రములు. ఒక్కొక్క కేంద్రమున పసిపిల్లలకు బాలవాడి, చూలింతలకును బాలింతలకును వైద్యసహాయము, స్త్రీలకు అక్షరాభ్యాసము, కుట్టుపని. ఊరి తల్లికి ఏమి కావలెనో అది యంతయు ఒక్క చూరు క్రిందికి తెచ్చుటయే వాని ఉద్దేశము. అయితే వెంటనే ఒక చిక్కు వచ్చిపడెను. ఈ కేంద్రములకు గ్రామసేవికలు కావలెను, బాలసేవికలు కావలెను, మంత్రసానులు, దాదులు కావలెను. ఇట్టి పనులకు కావలసిన చదువు పల్లెటూరి స్త్రీలకు లేదు. చదువుగల పట్టణపు యువతులు పల్లెలో కాపురముండుటకు సమ్మతింపరు. సామాన్యుడైన అధికారి యెవడైనను ఉద్యోగములు ఖాళీగా నున్నవని నివేదిక వ్రాసి తృప్తిపడియుండును. దుర్గాబాయి మాత్రము మద్రాసునాటి తన పాఠమును స్మరించి, 1958లో వయోజనస్త్రీలకై సంక్షిప్త విద్యాక్రమమును ప్రారంభింపజేసినది. బాల్యమున కొలది చదువు చదివి ఆపివేసిన స్త్రీలకు, ఏండ్లకొలది పట్టు పాఠ్యమును రెండేండ్లలో ముగింపజేసి పరీక్షకు పంపుట దాని లక్ష్యము. పట్టణపు పిల్లను పల్లెకు దించుట కన్న పల్లెతల్లికే చదువు చెప్పి ఆమె యూరిలోనే కొలువిచ్చుట మేలను సిద్ధాంతము అప్పటినుండి స్థిరపడెను. తరువాతి కాలపు అంగన్‌వాడికి ఆత్మ ఇదియే యని నేను భావింతును.

తల్లిదండ్రులకు ఊరట కలిగించినవి ప్రభుత్వపు కేంద్రములు మాత్రమే కావు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, తెలుగునాట ఆబాలగోపాలమునకు రేడియో అన్నయ్య, అక్కయ్యలు, మద్రాసు ఆకాశవాణి ద్వారమున పిల్లల కార్యక్రమములు నడపి, 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించి, 1945లో ‘బాల’ పత్రికను వెలువరించి, 1956లో హైదరాబాదునకు తరలివచ్చి అక్కడను ఆ సేవనే కొనసాగించిరి. ఆట, పాట, నాటకము పిల్లల హక్కులని తెలుగు గృహస్థులకు నచ్చజెప్పిన ఘనత ఆ దంపతులదే.

1975 అక్టోబరు 2వ తేదీన, గాంధీ జయంతినాడు, సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము దేశమందలి 33 చోట్ల ప్రయోగరూపమున ఆరంభమయ్యెను. అందు 18 గ్రామీణములు, 11 గిరిజనప్రాంతములు, 4 పట్టణపు మురికివాడలు. వేయిమంది జనాభాకు, గిరిజనప్రాంతమున నైనచో ఏడువందలకు, ఒక అంగన్‌వాడి; దానికి ఆ యూరి స్త్రీయే కార్యకర్త, ఆమెకు తోడు ఒక ఆయా. పోషకాహారము, టీకాలు, ఆరోగ్యపరీక్ష, జబ్బుపడిన బిడ్డను ఆసుపత్రికి పంపుట, తల్లులకు బోధ, మూడేండ్లు నిండినవారికి ఆటపాటల చదువు, ఈ ఆరు సేవలును ఆ ఇరువురి చేతులమీదుగా జరుగవలెను. ఊరివారు ఆమెను టీచరమ్మ యని పిలిచిరి గాని, ఆమె చేసిన పని ఏ టీచరు పనికన్నను విస్తారమైనది. ఉదయముననే ఆయా ఇంటింటికి పోయి, ముక్కు తుడిచి, తల దువ్వి, ఏడ్చుచున్నవారిని చంకనెత్తుకొని పిల్లలను తెచ్చును. అద్దెకు దొరకిన పెంకుటింటి వసారాలోనో, రామమందిరపు అరుగుమీదనో పాట మొదలగును. ఒక మూల పొయ్యిమీద పప్పు ఉడుకుచుండగా, టీచరమ్మ బిడ్డను తూకపు సంచిలో కూర్చుండబెట్టి బరువు చూచి, చార్టుమీద చుక్కబెట్టి, ఆ చుక్క క్రిందికి జారినచో తల్లిని పిలిపించి మందలించును, ఓదార్చును. మధ్యాహ్నము ఇంటింటి సర్వే. నెల చివర రిజిస్టర్లు. పోలియో చుక్కలు వేయు దినము వచ్చినచో, ఓటర్ల జాబితా సవరణ వచ్చినచో, అదియును ఆమెకే.

హైదరాబాదు నాచారమునందలి ప్రభుత్వ ఆహారకర్మాగారమునుండి గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపి చేసిన బాలామృతము సంచులు తరువాత ఈ అంగన్‌వాడుల ద్వారా మూడేండ్లలోపు బిడ్డల యిండ్లకు చేరసాగెను. 2015 జనవరి 1వ తేదీనుండి తెలంగాణమున ఆరోగ్యలక్ష్మి పేర గర్భిణులకును బాలింతలకును కేంద్రములోనే ఒక పూట నిండుభోజనము, గుడ్డు, పాలు పెట్టనారంభించిరి. కూలికి పోవు బాలింత పదిమందితో పంక్తిని కూర్చుండి వేడియన్నము తినుట, ఆ సమయమున తన కష్టసుఖములు చెప్పుకొనుట, అన్నముతో సమానమైన లాభమే.

ఉపాధిహామీ చట్టము 2005లో వచ్చినపుడు, పనిస్థలమునకు ఆరేండ్లలోపు బిడ్డలు అయిదుగురో అంతకు మించియో వచ్చినచో, వారిని చూచుకొనుటకు ఒక స్త్రీని నియమించి, మట్టి త్రవ్వినవారికి ఇచ్చు కూలియే ఆమెకును ఇయ్యవలెనను నిబంధనను చేర్చిరి. ఈ చిన్న వాక్యమును నేను ఆ చట్టమందలి మిక్కిలి గొప్ప వాక్యములలో నొకటిగా ఎంచుదును. బిడ్డను కాచుట గడ్డపార పట్టుటకు సమానమైన పని యని శాసనము ఒప్పుకొన్నది. పెక్కుచోట్ల అది ఆచరణలోనికి రాకపోవుట విచారకరము. వాక్యముయొక్క విలువ దానిచే తగ్గదు.

అంగన్‌వాడి స్త్రీలకు మాత్రము ఈ సమానత దక్కలేదు. 1975లో మెట్రిక్యులేషను చదివిన కార్యకర్తకు నెలకు 150 రూపాయలు, చదువనివారికి 100 రూపాయలు, ఆయాకు 35 రూపాయలు నిర్ణయించి, దానికి గౌరవవేతనమని పేరిడిరి. సేవాభావము గల స్త్రీ కొలదిసేపు చేయు పని యని నాటి పెద్దల తలంపు. పని నాటికి నాలుగింతలైనను తలంపు మారలేదు. వారు ప్రభుత్వోద్యోగులు కారని సుప్రీంకోర్టు 2006లో కర్ణాటకపు వ్యాజ్యమొకదానిలో తీర్పు చెప్పెను. అదే సంవత్సరము డిసెంబరులో అదే న్యాయస్థానము, ఆహారహక్కు వ్యాజ్యమున, దేశమంతట 14 లక్షల కేంద్రములు నెలకొల్పవలెననియు, నలువదిమంది ఆరేండ్లలోపు పిల్లలు గల ఏ వాడయైనను అడిగినచో కేంద్రము నియ్యవలెననియు ఆజ్ఞాపించెను. కేంద్రము హక్కయ్యెను, కేంద్రమును నడుపు స్త్రీ మాత్రము స్వచ్ఛందసేవికగానే మిగిలెను.

2018 అక్టోబరునుండి కేంద్రప్రభుత్వపు వాటాలో కార్యకర్తకు నెలకు 4,500 రూపాయలు, ఆయాకు 2,250 రూపాయలు. రాష్ట్రములు తమ శక్తికొలది పైన కలుపుచు వచ్చినవి. 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు, గుజరాతు స్త్రీలు వేసిన వ్యాజ్యమున, వీరు గ్రాట్యుటీ చట్టము క్రిందికి వత్తురని నిర్ణయించెను. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశమున కార్యకర్తలును ఆయాలును పని నిలిపి, అత్యవసరసేవల చట్టమును ప్రయోగించినను చలింపక, 42 దినములు సమ్మె సాగించినపుడు, వేతనపు పెంపుతోపాటు వారు కోరినది ఈ గ్రాట్యుటీనే. ఇరువది యేండ్ల ప్రాయమున 1975లో 100 రూపాయలకు చేరిన స్త్రీ, ఊరిలోని రెండు తరములకు ఉగ్గన్నము మొదలు ఓనమాలవరకు అందించి, పింఛను లేకుండ ఇంటికి మరలినది. సమ్మెలో ఎండకు కూర్చున్నవారు ఆమె కూతుళ్ల యీడువారు. వారు యాచించినది దయ కాదు, చేసిన పనికి లెక్క. ఆ లెక్కను ప్రభుత్వములు ఇంకను చెల్లింపవలసియున్నది.