పుస్తకం మీది పేరు, పండు మీది పేరు

1860 ఆరంభంలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒక కవితాసంపుటి వెలువడింది. పేరు ‘కోబ్జార్’. కవి తరాస్ షెవ్‌చెంకో. లోపలి ముఖపత్రం మీద కవి పేరుతో పాటు మరొక పేరు కూడా అచ్చయింది. ఈ ప్రచురణకు ఖర్చు భరించినది ప్లాటోన్ సిమిరెంకో అని చెప్పే పంక్తి అది. ఇటువంటి పంక్తులను మనం సాధారణంగా చదవకుండానే పుట తిప్పేస్తాం. ఈ ఒక్కదాని దగ్గర మాత్రం ఆగవలసి ఉంది. ఎందుకంటే అదే కుటుంబం ఆ తర్వాత మరో యాభై ఏళ్లు అదే పనికి డబ్బు ఇచ్చింది. కానీ పేరు అచ్చువేసుకునే వీలు లేకుండా ఇచ్చింది.

ఉక్రెయిన్ అనగానే ఇప్పుడు మన వార్తాగదుల్లో యుద్ధపటాలు తెరుచుకుంటాయి. ఉక్రేనియన్లది వేరే జాతి కాదన్న వాదం 2021లో పుతిన్ రాసిన వ్యాసంతో మొదలైనట్టు మాట్లాడుకుంటాం. ఆ వాదానికి నూట అరవై ఏళ్ల వయసుంది. దానికి ఎదురు నిలిచినవారిలో కవులు, ఆచార్యులు ఎందరో ఉన్నారు. వారి పేర్లు చరిత్రకు తెలుసు. ఆ కవుల కాగితానికీ సిరాకీ ఎవరు చెల్లించారన్న ప్రశ్న అడిగితే దారి ఒక చక్కెర కర్మాగారం గుమ్మం దగ్గరికి పోతుంది.

ప్లాటోన్ తండ్రి ఫెదీర్ సిమిరెంకో భూదాసుడు. అంటే పొలంతో పాటు మనిషి కూడా ప్రభువు ఆస్తి. ఆయన డబ్బు కూడబెట్టి తన స్వేచ్ఛను తానే కొనుక్కున్నారు. తనలాగే దాస్యం నుంచి బయటపడిన యాఖ్నెంకోల ఇంటి అల్లుడై, వారితో కలిసి వ్యాపారం ఆరంభించారు. ధాన్యం, పిండి మిల్లులు, పశువులు, ఆ తర్వాత చక్కెర. ‘యాఖ్నెంకో సోదరులు, సిమిరెంకో’ అన్న ఆ సంస్థ 1843లో స్మీలా పట్టణానికి దగ్గరలోని తాష్లిక్‌లో ఆవిరి యంత్రాలతో నడిచే చక్కెర కర్మాగారం నెలకొల్పింది. తరువాత హొరొదీష్చే వద్ద, మ్లియీవ్ గ్రామం పక్కన, అంతకంటే పెద్దది వచ్చింది. దాని వెంట యంత్రాలు తయారుచేసే కార్ఖానా వచ్చింది. డ్నీపర్ నది మీద నడిచే ఆవిరి ఓడలు అక్కడ తయారయ్యాయి. చుట్టూ ఒక ఊరే వెలిసింది. బడి, ఆసుపత్రి, గుడి, నాటకశాల, వీధుల్లో గ్యాస్ దీపాలు.

చుట్టుపక్కల ప్రభువుల కర్మాగారాల్లో భూదాసుల చేత వెట్టి చేయించుకుంటున్న కాలమది. ఈ సంస్థ కూలి ఇచ్చి పనివారిని పెట్టుకుంది. దీన్ని పుణ్యకార్యమని నేను అనను. చక్కెర వ్యాపారంలో లాభం ఎవరి చెమటలోంచి వస్తుందో కర్మాగారపు యజమానులకు తెలియనిది కాదు. అయినా, తామే ఒకనాడు కొనుగోలు వస్తువులుగా ఉన్న మనుషులు కూలి లెక్క కట్టడానికీ, దాసులను వారసత్వంగా పొందినవారు కట్టడానికీ మధ్య తేడా ఉంటుంది.

షెవ్‌చెంకోది కూడా అదే ప్రాంతం, అదే పుట్టుక. 1814లో హొరొదీష్చేకి ఎంతో దూరం కాని మొరింత్సీ గ్రామంలో భూదాసుడిగా పుట్టారు. 1838లో, ఆయనలోని చిత్రకారుడిని గుర్తించిన పీటర్స్‌బర్గ్ మిత్రులు ఒక చిత్రపటాన్ని లాటరీ వేసి, ఆ డబ్బుతో ఆయనకు విముక్తి కొన్నారు. ప్రభువు అడిగిన ధర 2,500 రూబుళ్లు. 1847లో రాజద్రోహ నేరం మోపి సైనికుడిగా ప్రవాసానికి పంపారు. రాయకూడదు, బొమ్మలు గీయకూడదు అని జార్ నికొలాయ్ స్వహస్తంతో ఉత్తరువు మీద చేర్చారు. పదేళ్లు గడిచాక విడుదల. 1859 వేసవిలో స్వదేశానికి వచ్చిన కవి సిమిరెంకోల కర్మాగారానికి కూడా వెళ్లారు. తనలాంటివారే కట్టిన ఊరును చూశారు. ఆ వేసవిలోనే పోలీసులు ఆయనను మళ్లీ అదుపులోకి తీసుకుని, ఉక్రెయిన్ నుంచి పీటర్స్‌బర్గ్‌కు పంపేశారు.

ఆ శరదృతువులో కవి ప్లాటోన్‌కు ఉత్తరం రాసి, పుస్తకం అచ్చుకు 1,100 రూబుళ్లు అప్పు అడిగారు. డబ్బు వచ్చింది. ఒక మనిషిగా ఆయనకు కట్టిన ధరలో సగానికంటే తక్కువకే ఆయన కవిత్వం అచ్చయింది. సెన్సారు కత్తెర తప్పలేదు. జార్లను నిలదీసిన కవితలకు ఆ సంపుటిలో చోటు లేకపోయింది. అయినా, ప్రవాసం నుంచి తిరిగివచ్చిన నేరస్థుడి పుస్తకం మీద తన పేరు వేయించుకోవడానికి ఒక వ్యాపారి వెనకాడలేదన్నది మిగిలింది. ప్రభుత్వ అనుమతుల మీద బతికే వ్యాపారంలో అది చిన్న సాహసం కాదు. మన కాలంలో ఎంతమంది పారిశ్రామికవేత్తలు అటువంటి పుట మీద పేరుకు ఒప్పుకుంటారో పాఠకులు ఊహించగలరు.

1861 మార్చిలో షెవ్‌చెంకో మరణించారు. దాదాపు అదే సమయంలో జార్ రెండవ అలెగ్జాండర్ భూదాస్యాన్ని రద్దు చేశారు. సంస్థ మాత్రం అప్పుల్లో కూరుకుపోయింది. 1863లో, నలభై దాటిన కొద్దికాలానికే ప్లాటోన్ కన్నుమూశారు. ఆ తర్వాత సంస్థ కూడా కూలిపోయింది. అదే సంవత్సరం జులైలో అంతరంగిక మంత్రి వలుయేవ్ రహస్య ఉత్తరువు వెలువడింది. ‘చిన్న రష్యా’ భాష అనే ప్రత్యేక భాష ఏదీ లేదన్న వాదాన్ని ఆధారం చేసుకుని, సామాన్యుల చదువుకూ మతానికీ సంబంధించిన ఉక్రేనియన్ పుస్తకాల అచ్చును అది ఆపింది. 1876లో రెండవ అలెగ్జాండర్ జర్మనీలోని ఎమ్స్ అనే స్నానతీర్థంలో విశ్రాంతి తీసుకుంటూ మరో ఉత్తరువు మీద సంతకం చేశారు. విదేశాల నుంచి ఉక్రేనియన్ పుస్తకాలు తెప్పించకూడదు. నాటకాలు ఆడకూడదు. సంగీతానికి ఆ భాషలో మాటలు అచ్చువేయకూడదు. దాసులను విడిపించిన చేతితోనే వారి భాషకు తాళం వేశారు. (మన దేశంలో లిట్టన్ దేశభాషా పత్రికల చట్టం వచ్చింది 1878లో. మన పాలకులు భయపడింది పత్రికల విమర్శకు. జార్లు భయపడింది ఆ భాష ఉనికికే.)

ఇక్కడి నుంచి కథ తమ్ముడిది. వసీల్ సిమిరెంకో 1835లో పుట్టారు, పారిస్‌లో ఇంజనీరింగ్ చదివారు. కుటుంబ సంస్థ పతనాన్ని కళ్లారా చూసి, తరువాత కానివ్ జిల్లా సిదోరివ్కాలో సొంత చక్కెర కర్మాగారం నడిపి మళ్లీ ధనికులయ్యారు. షెవ్‌చెంకో సమాధి ఉన్నది కూడా కానివ్‌లోనే. వసీల్‌కు వినికిడి తక్కువ. సభలకు, సన్మానాలకు దూరంగా ఉండే మనిషి. ఏటా తన ఆదాయంలో పదో వంతు ఉక్రేనియన్ సంస్కృతికి తీసిపెట్టారు. ఒక సంవత్సరం కాదు, రెండు కాదు, దశాబ్దాల పాటు.

ఆ డబ్బు ఎక్కడికి వెళ్లిందో చూస్తే నిషేధం కింద ఒక భాష ఎలా బతుకుతుందో తెలుస్తుంది. కీవ్‌లో ఉక్రేనియన్ పత్రికకు అనుమతి లేదు. కాబట్టి 1882 నుంచి ‘కీవ్‌స్కాయ స్తారినా’ అనే చరిత్ర పత్రిక రష్యన్‌లో వచ్చింది. భాష పాలకులది, విషయం ఉక్రెయిన్‌ది. దానికి ఆయన సాయం ఉంది. ఉద్యోగం పోగొట్టుకుని విదేశాలకు వెళ్లిన ఆచార్యుడు మిఖాయిలో ద్రహొమానోవ్‌కు కూడా సాయం అందింది. ఆస్ట్రియా పాలనలోని ల్వీవ్‌లో ఉక్రేనియన్ అచ్చుకు అడ్డు లేదు. అక్కడి షెవ్‌చెంకో శాస్త్రీయ సంఘానికీ డబ్బు చేరింది. సరిహద్దు దాటలేనిది పుస్తకం; డబ్బు దాటగలిగింది. ఇవన్నీ ఎక్కువగా మధ్యవర్తుల చేతుల మీదుగా, పేరు లేకుండా జరిగాయి. మన దగ్గర దానం కంటే ముందే శిలాఫలకం తయారవుతుంది గనుక ఈ మాట నొక్కి చెబుతున్నాను.

1905 విప్లవం తరువాత నిషేధం సడలింది. 1906లో కీవ్‌లో ‘రాదా’ అనే ఉక్రేనియన్ దినపత్రిక ఆరంభమైంది. దాన్ని నడిపిన యెవ్‌హెన్ చికాలెంకో భూస్వామి. పత్రిక నష్టాల కోసం తన పొలాలు అమ్ముకున్నారు. ఆ లోటు పూడ్చిన మరో చెయ్యి వసీల్‌ది. పత్రికల్లో బతికినవాడిగా నాకు ఈ భాగం దగ్గరగా తోస్తుంది. నలభై ఏళ్లు చదవడానికి వీలు లేకుండా చేసిన భాషకు ఒక్కసారిగా చందాదారులు ఎక్కడి నుంచి వస్తారు? పాఠకులు తయారయ్యేదాకా ఎవరో ఒకరు నష్టం మోయాలి. 1914లో ప్రపంచయుద్ధం రాగానే ప్రభుత్వం ‘రాదా’ను మూసేసింది. మరుసటి ఏడు వసీల్ మరణించారు. ఆస్తిని ఉక్రేనియన్ సాహిత్యానికీ విద్యకూ రాసి వెళ్లారు. రెండేళ్లలో వచ్చిన విప్లవంలో ఆ వీలునామా కాగితంగానే మిగిలింది.

సోవియట్ కాలంలో కర్మాగారాల యజమానుల పేరు తలచుకునేవారు లేరు. అయినా సిమిరెంకో పేరు దేశమంతా ప్రతి బజారులో వినపడింది. దానికి కారణం ప్లాటోన్ కొడుకు లెవ్కో. విద్యార్థి దశలో విప్లవకారుడిగా సైబీరియా ప్రవాసం అనుభవించి, 1887లో తిరిగివచ్చి మ్లియీవ్‌లో పండ్ల తోటలు వేశారు. అక్కడ దొరికిన ఒక ఆకుపచ్చని ఆపిల్‌కు తండ్రి జ్ఞాపకంగా ‘సిమిరెంకో రెనెట్’ అని పేరు పెట్టారు. 1920 జనవరిలో సొంత ఇంట్లోనే లెవ్కో హత్యకు గురయ్యారు. ఆయన కొడుకు వొలొదీమిర్ కూడా ఉద్యానశాస్త్రవేత్తే. 1933లో ఆయనను అరెస్టు చేశారు, 1938లో కాల్చి చంపారు. తోట మిగిలింది. పుల్లగా, రసంగా ఉండి చలికాలమంతా నిల్వ ఉండే ఆ పండు ఉక్రెయిన్ దాటి పాకింది. మాస్కో బజార్లలో ఈనాటికీ దాన్ని సిమిరెంకో అనే అడిగి కొంటారు.