చెన్నై వచ్చే చుట్టాలను భోజనానికి ఎక్కడికి తీసుకెళ్దాం?

వేసవి సెలవులు మొదలైతే చాలు, మనందరి ఫోన్లకూ ఒకటే ప్రశ్న. "చెన్నై వస్తున్నాం, తినడానికి ఎక్కడ బాగుంటుంది?" నెల్లూరు నుంచి, ఒంగోలు నుంచి, గుంటూరు నుంచి. మనమూ ఏళ్ళ తరబడి ఒకటే జవాబు చెబుతున్నాం: ఫలానా ఆంధ్రా మెస్‌లో పప్పు, గోంగూర, కందిపొడి. బాగుంటాయి, కాదనం. కానీ ఇంట్లో రోజూ తినేదాని కోసం రైలెక్కి రావాలా? పోయినేడు మా ఇంటికి వచ్చినవాళ్ళు ఫోన్లో స్టార్లు చూసుకుని ఒక మాల్‌లో తిన్నారు. ఊరెళ్ళాక ఆ హోటల్ పేరడిగితే ఒక్కరికీ గుర్తు లేదు. బిల్లు మాత్రం గుర్తుంది.

అందుకే ఈసారి మా బావగారి కుటుంబాన్ని మైలాపూర్ తీసుకెళ్ళాం. ముందు హోటల్‌కి కాదు, రాయపేట హైరోడ్డులో ఉన్న పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనానికి. అప్పట్లో అది బులుసు సాంబమూర్తి గారి ఇల్లు. 1952 అక్టోబర్ 19న అక్కడ దీక్షకు కూర్చున్నారు శ్రీరాములు గారు. 58 రోజులు అన్నం ముట్టలేదు. డిసెంబర్ 15 రాత్రి పోయారు. నాలుగు రోజులకు నెహ్రూ గారు ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. 1953 అక్టోబర్ 1న రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. మన పెద్దలు ఇక్కడే ఉండిపోయారు.

అక్కణ్ణించి రాధాకృష్ణన్ సాలైలోని న్యూ వుడ్‌లాండ్స్ ఎంతో దూరం లేదు. ఆ హోటల్ మొదలైందీ 1952లోనే. కుర్రతనంలో హోటల్ వంటింట్లో చాకిరీ చేసిన కె. కృష్ణారావు గారు, ఉడుపి వైపు నుంచి వచ్చినాయన, 1938లో రాయపేటలో మొదటి వుడ్‌లాండ్స్ పెట్టారు, తర్వాత ఇక్కడికి మార్చారు. ఒక మనిషి మన కోసం పస్తులున్న ఏడాదే, అదే పేటలో, ఇంకొకాయన ఊరికంతా ఇడ్లీ పెట్టే ఏర్పాట్లలో ఉన్నాడు. మేము ఇన్నేళ్ళుగా ఆ దారిన తిరుగుతున్నా ఈ రెంటినీ కలిపి ఎప్పుడూ ఆలోచించలేదు. బావగారి మనవడే అడిగాడు, "అన్ని రోజులు ఎవరూ ఆయన్ని తినమనలేదా తాతయ్యా?" అని. మా దగ్గర సరైన సమాధానం లేదు.

కృష్ణారావు గారిదే ఇంకొకటి, కెథెడ్రల్ రోడ్డులో చెట్ల నీడన 1962లో తెరిచిన డ్రైవ్-ఇన్. కారు కిటికీకి పళ్ళెం తగిలించి టిఫిన్ పెట్టేవారు. తెలుగు సినిమా చాలామటుకు కోడంబాక్కం, వడపళని స్టూడియోల్లోనే తయారైన కాలం అది. మనలో కొందరు కాఫీ కోసం వెళ్ళేవారు, కొందరు ఎవరైనా తార కనిపిస్తారేమోనని! స్థలం ప్రభుత్వం వెనక్కి తీసుకుంది, 2008లో మూతపడింది. 2010 నుంచి అక్కడ సెమ్మొళి పూంగా ఉంది. పార్కు చక్కగానే ఉంది. కానీ మనవళ్ళకు చూపిద్దామంటే ఆ డ్రైవ్-ఇన్ ఇక లేదు.

ఉన్నవాటి దగ్గరికైనా తీసుకెళ్దాం. ట్రిప్లికేన్‌లో రత్నా కేఫ్ 1948 నాటిది. ఇడ్లీ సాంబారులో మునిగిపోయి వస్తుంది, అడిగిన కొద్దీ పోస్తారు. మాంసాహారులకు మౌంట్ రోడ్డులో 1951 నాటి బుహారీ ఉంది. చికెన్ 65 తమ దగ్గరే 1965లో పుట్టిందంటారు వాళ్ళు. అవునో కాదో తిని తేల్చుకోండి.

ఒక్క మనవి. రాయపేట పాత వుడ్‌లాండ్స్‌లో కూర్చుని తిన్న పెద్దలు మన సంఘంలో ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు. అప్పటి రేట్లు, వడ్డించిన తీరు, పక్క బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారన్నది వాళ్ళకే తెలుసు. ఇంట్లోవాళ్ళు పక్కన కూర్చుని అడగండి. టైపు చేయడం రాకపోతే వాయిస్ మెసేజ్ పెట్టండి, మేము రాసిపెడతాం.