పేరు రాసుకున్న బాంబర్ నుంచి ఊసు తెలియనివ్వని బాంబర్ దాకా

1918లో హైదరాబాద్ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ బాంబర్లు కానుకగా ఇచ్చాడు. కొయ్య చట్రం, పైన గుడ్డ, ఒకదానిపై ఒకటిగా రెక్కలు. విమానాల మీద దాత పేరు, హైదరాబాద్ పేరు రాయించారు. దాక్కోవాలన్న ఆలోచన ఎక్కడిది, దాత పేరు నలుగురికీ కనబడాలి గదా! అవి పట్టపగలే జర్మనీ మీదికి వెళ్లాయి. ఆ అక్టోబర్‌లో శత్రువుకు చిక్కిన ఒకటి పోలండ్ దాకా తిరిగి, చివరికి లండన్‌లోని ఒక మ్యూజియంలో తేలింది.

1948 సెప్టెంబర్‌లో అదే నిజాం రాజ్యం మీద జరిగిన పోలీస్ యాక్షన్‌లో భారత సైన్యం సూర్యాపేట మీదుగా వస్తుంటే భారత టెంపెస్ట్ విమానాలు పైనుంచి దాడి చేశాయి. వాటికీ దాక్కునే పని పడలేదు. ఎదురొచ్చే వైమానిక దళం నిజాం దగ్గర లేదు.

రాడార్ ఉన్నచోట మాత్రం లెక్క మారిపోయింది. ఎంత ఎత్తున ఎగిరినా తరంగం తగిలి వెనక్కి వస్తుంది, గుట్టు చెబుతుంది. ఆ తరంగం ఏ అంచు నుంచి ఎటు చెదురుతుందో లెక్కగట్టే సూత్రాలను 1962లో సోవియట్ శాస్త్రవేత్త ప్యోత్ర్ ఉఫింత్సెవ్ మాస్కోలో అచ్చువేయించాడు. సోవియట్లు ఆ పుస్తకాన్ని రహస్యమనుకోలేదు. అమెరికన్లు చదువుకున్నారు. నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు ఇదే. ఆనాటి కంప్యూటర్లు వంపులను లెక్కించలేక, రాడార్‌కు చిక్కని (స్టెల్త్) తమ ఎఫ్-117 విమానాన్ని పలకలు పలకలుగా చేశారు. 1989లో ఎగిరిన స్టెల్త్ బాంబర్ బీ-2కు వంపులు వచ్చాయి, తోక పోయింది. ఎండలో పళ్లెం కాస్త వాల్చితే మెరుపు మన కళ్లలో పడదు, రాడార్ తరంగమూ అంతే. ఇంజన్లు రెక్కలోనే పాతేశారు, గాలి లోపలికెళ్లే నోళ్లు పైన పెట్టారు, ఒంటికి రాడార్ తరంగాలను పీల్చే పూత వేశారు. తోక లేని విమానం నిలకడగా ఎగరదు కాబట్టి కంప్యూటర్లు క్షణక్షణం సరిదిద్దుతుంటాయి. దాదాపు 18 టన్నుల బాంబులు మోయగలదు. ఖరీదు చూసి 21తోనే ఆపేశారు.

కనబడకపోవడమంటే మాయం కావడం కాదు. 1999లో సెర్బియాలో యుగోస్లావియా సైన్యం పాత సోవియట్ క్షిపణితో ఒక ఎఫ్-117ను కూల్చింది.

మన దగ్గర స్టెల్త్ బాంబర్ లేదు. 2022 జూలై 1న చిత్రదుర్గలో పైలట్ లేని, తోక లేని చిన్న నమూనా విమానం ఎగిరింది. హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన సంస్థ రీసెర్చ్ సెంటర్ ఇమారత్ వాళ్లు ఒక వస్తువు రాడార్‌కు ఎంత కనబడుతుందో కొలవడానికి ఆరుబయట 'ఆరెంజ్' అనే కేంద్రాన్ని కట్టుకున్నారు. కొలవడం వచ్చాకే దాచడం మొదలవుతుంది.